ట్యూబ్ వేస్తుంటే లారింగోస్కోప్ లైటు ఆరిపోయింది: మీ దగ్గర ఎవరు చెక్ చేస్తారు, ఎలా చేస్తారు?

రాత్రిడ్యూటీ (చిత్తూరు)
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పోయిన నెల మా క్యాజువాలిటీలో జరిగింది రాస్తున్నాను. ఆస్పత్రి పేరు రాయను. రోగిని గుర్తుపట్టే వివరాలు కూడా మార్చాను.

రాత్రి రెండున్నర. మామిడి తోటలో కాపలాకు నేల మీద పడుకున్న మనిషిని తెచ్చారు. ముందు కడుపు నొప్పి అన్నాడట. తర్వాత కనురెప్పలు వాలిపోయాయి, ఉమ్మి మింగలేకపోతున్నాడు. కాటు గుర్తు సరిగ్గా కనపడలేదు, వాపు లేదు. కట్లపాము అనుకున్నాం. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే ఏడు దగ్గర ఆగిపోయాడు. యాంటీవీనం (పాము విషానికి విరుగుడు) మొదలుపెట్టాం. అరగంటలో మెడ నిలపలేని స్థితికి వచ్చాడు. ఇక ఆగకూడదని, ఊపిరి అందించడానికి నోటి నుంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడానికి సిద్ధమయ్యాం.

మందులు ఇచ్చేశాం. లారింగోస్కోప్ (గొంతు లోపల చూడటానికి, హ్యాండిల్‌కు బ్లేడ్ బిగించి వాడే లైటు పరికరం) తెరిస్తే లైటు వచ్చింది. నాలుకను పక్కకు తోసి బ్లేడ్ పైకి ఎత్తగానే వెలుగు పసుపు రంగుకు తిరిగి ఆరిపోయింది. మూసి తెరిస్తే మళ్ళీ వెలిగింది, ఎత్తితే మళ్ళీ ఆరిపోయింది. రెండో హ్యాండిల్ తీశాం. లోపల సెల్స్ కారిపోయి, స్ప్రింగుకు ఆకుపచ్చ తుప్పు పట్టి ఉంది. సిస్టర్ ఫోన్ టార్చ్ పట్టుకుంది కానీ గొంతు లోపలికి వెలుగు పడలేదు. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97 నుంచి 71కి దిగింది. బ్లేడ్ తీసేసి అంబూ బ్యాగ్‌తో (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) గాలి ఇచ్చి 90 దాటించాం, నాలుగో నంబర్ ఐ-జెల్ (శ్వాసనాళం పైన గొంతులోనే కూర్చుని గాలి పంపే గొట్టం) పెట్టాం. ఐసీయూ నుంచి వేరే లారింగోస్కోప్ వచ్చాకే ట్యూబ్ పడింది. మొత్తం పదకొండు నిమిషాలు.

మనిషి బతికాడు. ఐదో రోజు ట్యూబ్ తీశాం, పదో రోజు నడిచి ఇంటికి వెళ్ళాడు.

అయినా నాకు నిద్ర పట్టడం లేదు. ఎమర్జెన్సీ సామాను ట్రాలీ చెక్‌లిస్టులో ఆ రోజు మూడు షిఫ్టులకూ లారింగోస్కోప్ ఎదురుగా టిక్ ఉంది. టిక్ పెట్టినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. తెరిచారు, వెలిగింది, మూశారు. నేను కూడా అంతే చేశాను. మీ దగ్గర ఎలా చేస్తున్నారు? తప్పు ఎవరిదని అడగడం లేదు, పద్ధతి అడుగుతున్నాను.

---

పుత్తూరు_సిస్టర్
సోమవారం, రాత్రి 10:05

సార్, మీరు రాసింది చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మా వార్డులో కూడా నాలుగేళ్ళ కిందట ఇలాగే జరిగింది, కానీ మా రోగి దక్కలేదు. ఆయన లైటు వల్లే పోయాడని నేను చెప్పలేను, చాలా ఆలస్యంగా తెచ్చారు. కానీ ఆ హ్యాండిల్ నా చేతిలో ఉంది. అది మర్చిపోలేను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. బ్లేడ్ బిగించి, బల్బును వేలితో తిప్పి గట్టిగా ఉందో లేదో చూస్తాను. వెలిగించి పక్కన పెట్టి, ఆ లోపు ట్యూబ్‌ల కఫ్ (ట్యూబ్ కొస దగ్గర చుట్టూ ఉబ్బే బెలూన్) చూసుకుంటాను. ఒకటి రెండు నిమిషాలు అలా వెలుగుతూ ఉండాలి. నీరసంగా ఉన్న సెల్ మొదటి పది సెకన్లు బాగానే వెలుగుతుంది, తర్వాత దిగిపోతుంది. చివరికి బ్లేడ్ కొసను నా అరచేతి మీద ఆనించి, నాలుకను ఎత్తినట్టే హ్యాండిల్‌ను బలంగా లాగుతాను. మీకు ఆరిపోయింది బరువు పడినప్పుడే కదా సార్. గాలిలో తెరిచి చూస్తే ఆ లోపం ఎప్పటికీ దొరకదు.

టిక్ గురించి కూడా చెప్పాలి. షిఫ్టు మారే సమయానికి ముప్పై మంది రోగుల అప్పగింత ఉంటుంది, ఇద్దరమే ఉంటాం. ట్రాలీలో నలభై వస్తువులు. రోజుకు మూడుసార్లు నలభై వస్తువులు నిజంగా చూడమంటే ఎవరూ చూడలేరు, టిక్కులే పడతాయి. మేం ఒకసారి పూర్తిగా చూసి, నంబర్ ఉన్న ప్లాస్టిక్ సీల్ వేస్తాం. తర్వాతి షిఫ్టు సీల్ నంబర్ సరిపోయిందా అని మాత్రమే చూస్తుంది. సీల్ తెగితే మాత్రం తెంచినవాళ్ళే మళ్ళీ మొత్తం చూడాలి. లారింగోస్కోప్, సక్షన్ (నోట్లోని ఉమ్మి, నురగ లాగేసే మెషీన్), అంబూ బ్యాగ్ సీల్ బయటే ఉంచాం, ఆ మూడూ ప్రతి షిఫ్టులో చేత్తో చూడాల్సిందే.

---

పీజీ_రెండో_ఏడు
సోమవారం, రాత్రి 10:31

అరచేతి మీద ఆనించి లాగడం ఇప్పుడే మా ఐసీయూలో చేసి చూశాను సిస్టర్. నాలుగు హ్యాండిళ్ళలో ఒకటి ఆరిపోయింది. పక్కన పెట్టేశాం.

---

మత్తుడాక్టర్_తిరుపతి
సోమవారం, రాత్రి 11:48

@రాత్రిడ్యూటీ, ముందుగా ఒక మాట. లైటు పోయినప్పుడు మీరు దానితోనే కుస్తీ పట్టకుండా బ్యాగ్‌తో గాలి ఇచ్చారు, ఐ-జెల్ పెట్టారు. ట్యూబ్ పడకపోవడం వల్ల ఎవరూ చనిపోరు, ఆక్సిజన్ అందకపోతే చనిపోతారు. ఆ రాత్రి మీరు చేసిన పని సరైనది. దయచేసి నిద్రపోండి.

ఇరవై రెండేళ్ళుగా మత్తు ఇస్తున్నాను. ఆపరేషన్ థియేటర్‌లో నా సామాను నేనే చూసుకుంటాను కాబట్టి అక్కడ ఇలాంటివి తక్కువ. క్యాజువాలిటీకో వార్డుకో పరుగెత్తినప్పుడు ఎవరో సర్దిన ట్రాలీని నమ్మాలి. అందుకే కండరాలు సడలించే మందు సిరంజిలో ఎక్కించాక కూడా, లారింగోస్కోప్, సక్షన్ గొట్టం, బ్యాగ్, ఐ-జెల్ ఈ నాలుగూ నా చేత్తో ముట్టుకోనిదే ఆ మందు ఇవ్వను. ఇరవై సెకన్లు పడుతుంది. రోగికి ముందస్తుగా ఆక్సిజన్ పెట్టే మూడు నిమిషాల్లో ఆ ఇరవై సెకన్లు ఎప్పుడూ దొరుకుతాయి.

స్టైలెట్ (ట్యూబ్ వంపు నిలవడానికి దాని లోపల పెట్టే కడ్డీ) గురించి ఎవరూ రాయలేదు. దాని కొస ట్యూబ్ కొస దాటి బయటికి రాకూడదు, సెంటీమీటరో రెండో లోపలే ఆగాలి. బయటికి వస్తే శ్వాసనాళాన్ని చీల్చగలదు. పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న స్టైలెట్‌ను కడిగి కడిగి వాడితే ఆ తొడుగు పెళుసెక్కి, లాగేటప్పుడు ముక్క ఊడి ట్యూబ్ లోపలే మిగిలిపోతుంది. అలా ట్యూబ్ మూసుకుపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో వచ్చాయి. బయటికి లాగిన ప్రతి స్టైలెట్ కొస నుంచి కొస దాకా చూడండి. ఒకసారి వాడి పారేయమని రాసి ఉన్నదాన్ని పారేయండి.

బూజీ (ముందు లోపలికి పంపి, దాని మీదుగా ట్యూబ్ జార్చే సన్నని పొడవాటి కడ్డీ) కూడా అంతే. మెత్తగా ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. లోపల ఏదో అడ్డు తగిలేదాకా తోయడం పాత అలవాటు. ఆ తోపుడుకే శ్వాసనాళం చిరిగి గాలి ఛాతీలోకి చేరిన సంఘటనలు ఉన్నాయి. గట్టి రకం బూజీతో అది మరీ ఎక్కువ.

వీడియో లారింగోస్కోప్ కొన్నాం, ఇక భయం లేదు అనేవాళ్ళకు: అందరూ తెర వైపే చూస్తుంటే ట్యూబ్ నోట్లోకి వెళ్ళేటప్పుడు ఎవరి చూపూ దాని మీద ఉండదు. గట్టి స్టైలెట్ ఉన్న ట్యూబ్ అంగిలికి, టాన్సిల్ పక్క కండకు రంధ్రం చేస్తుంది. ముందు నోట్లోకి చూడండి, ట్యూబ్ నాలుక దాటాక తెర చూడండి.

కాప్నోగ్రఫీ (బయటికి వచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం) సంగతి రేపు రాస్తాను, పొద్దున్నే కేసు ఉంది.

---

ఘాట్‌రోడ్_ఈఎంటీ
మంగళవారం, ఉదయం 6:20

నేను అంబులెన్స్‌లో పనిచేస్తాను. డాక్టర్లు రాసిన చోట రాయొచ్చో లేదో తెలియదు కానీ రాస్తున్నాను.

మా బండిలో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది అంబూ బ్యాగ్. కడిగి ఆరబెట్టి మళ్ళీ బిగించేటప్పుడు లోపలి రబ్బరు వాల్వ్ తిరగబడినా, పక్కకు జరిగినా పైకి ఏమీ కనపడదు. నొక్కితే గాలి శబ్దం వస్తుంది, కానీ ఛాతీ లేవదు. ఒకసారి ఎన్‌హెచ్ మీద యాక్సిడెంట్ కేసుకు అలాగే అయ్యింది. మాస్క్ సరిగ్గా పట్టుకోలేదని నన్ను నేనే తిట్టుకుంటూ రెండు నిమిషాలు పోగొట్టాను. బ్యాగ్ మారిస్తే ఛాతీ లేచింది.

ఇప్పుడు డ్యూటీ ఎక్కగానే రోగి వైపు ఉండే నోటిని అరచేతితో మూసి బ్యాగ్ నొక్కుతాను. గట్టిగా ఎదురు రావాలి, మెత్తగా నలిగిపోతే లీకు ఉన్నట్టు. తర్వాత అదే నోటికి చేతి గ్లవ్ తొడిగి నొక్కుతాను. గ్లవ్ ఉబ్బాలి, వదలగానే దానంతట అది దిగాలి. ఉబ్బకపోతే రోగికి గాలి వెళ్ళదు. దిగకపోతే రోగి గాలి బయటికి వదలలేడు, అది ఇంకా ప్రమాదం.

ఆక్సిజన్ లెక్క కూడా చెప్తాను. మా బండిలో పది లీటర్ల సిలిండర్. గేజ్ మీద 150 ఉంటే పదిని 150తో గుణిస్తే 1500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్లు వాడితే 100 నిమిషాలు. గేజ్ 50 చూపిస్తే అరగంట కొంచెం పైన, అంతే. భాకరాపేట ఘాట్‌లో లారీ ఆగిందంటే ఆ అరగంట అక్కడే అయిపోతుంది. సూది పచ్చ రంగులో ఉందా అని చూసే అలవాటు మానేసి లెక్క వేస్తున్నాను. సిలిండర్ తాళం స్పానర్‌ను గొలుసుతో సిలిండర్‌కే కట్టేశాను, ఎవరో తీసుకెళ్ళి ఇంకెక్కడో పెడుతున్నారు.

ఇంకొకటి, ట్యూబ్ వేసి పంపిన రోగిని స్ట్రెచర్ మీదకు మార్చేటప్పుడు మెడ వంగినా, ట్యూబ్ జరిగినా కొస లోపలికి దిగుతుంది. ఘాట్ మధ్యలో సాచురేషన్ పడిపోయి, చూస్తే పెదవి దగ్గర 22 ఉండాల్సిన గీత (ట్యూబ్ మీది సెంటీమీటర్ల గుర్తు) 27కి వెళ్ళిపోయింది. కుడి ఊపిరితిత్తికే గాలి వెళ్తోంది. ఫోన్‌లో డాక్టర్ గారు చెప్తుండగా వెనక్కి లాగాం. పంపేవాళ్ళు ఆ నంబర్ కాగితం మీద రాసి పంపితే మాకు ఎంతో మేలు.

---

రాత్రిడ్యూటీ (చిత్తూరు)
మంగళవారం, ఉదయం 8:02

అన్నా, ఇక్కడ రాయొచ్చా అని అడగాల్సిన అవసరమే లేదు. పెదవి దగ్గర నంబర్ ఇకనుంచి రిఫరల్ కాగితం మీదే కాదు, ప్లాస్టర్ మీద కూడా రాస్తాం.

---

బయోమెడికల్_రేణిగుంట
మంగళవారం, మధ్యాహ్నం 1:15

పరికరాలు బాగుచేసేవాడిగా నాలుగు మాటలు.

లారింగోస్కోప్‌లో బల్బు కంటే ఎక్కువ పాడయ్యేది బ్లేడ్, హ్యాండిల్ కలిసే కొక్కెం దగ్గరి కాంటాక్ట్. బ్లేడ్‌ను హ్యాండిల్‌తో సహా ద్రావణంలో ముంచేస్తారు, తడి లోపలికి దిగి తుప్పు పడుతుంది. హ్యాండిల్‌ను వేరుగా తుడవాలి, నానబెట్టకూడదు. బల్బు ఉన్న బ్లేడ్‌ను ఉడికిస్తే బల్బు అడుగున ఉన్న సీల్ పోతుంది. బల్బు వదులై రోగి గొంతులో పడిపోయిన ఘటనలు కూడా ఉన్నాయి కాబట్టి, వాడాక బల్బు ఉందో లేదో చూడటం వాడకముందు చూడటమంత ముఖ్యం.

సక్షన్ మెషీన్: మోటారు శబ్దం వస్తే పనిచేస్తున్నట్టు కాదు. గొట్టాన్ని వేలితో మూసి గేజ్ చూడండి, 300 మి.మీ. పాదరసం దాటాలి. దాటకపోతే పదిలో తొమ్మిదిసార్లు సీసా మూత సరిగ్గా పడలేదు, లేదా మూత రబ్బరు చీలింది. సీసా నిండినప్పుడు లోపలి తేలే బంతి పైకి వచ్చి లాగుడును ఆపేస్తుంది. మెషీన్ పాడైందని నాకు ఫోన్ చేస్తారు, సీసా ఖాళీ చేస్తే సరిపోతుంది. కానీ పురుగుల మందు తాగిన రోగి నోరంతా నురగ కారుతుంటే ఆ సమయం ఎవరికి ఉంటుంది? బ్యాటరీ మెషీన్లను నెలకొకసారి ప్లగ్ తీసి ఎంతసేపు నడుస్తాయో చూడండి. ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండే బ్యాటరీ కరెంటు పోయిన రోజున రెండు నిమిషాలు కూడా ఆడదు. కాలితో తొక్కే సక్షన్ ఒకటి మూలన ఉంచుకోండి, అది కరెంటు అడగదు.

చివరిగా, ఏదైనా పరికరం రోగి మీద ఉండగా పాడైతే చెత్తలో వేయొద్దు, కడగొద్దు. సంచిలో వేసి, తేదీ, బ్యాచ్ నంబర్ రాసి మాకు ఇవ్వండి. దేశంలో మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే) కార్యక్రమం 2015 జూలై నుంచి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. డాక్టరే కాదు, నర్సు, టెక్నీషియన్ కూడా ఫారం నింపి పంపవచ్చు. ఒక బ్యాచ్ ట్యూబ్‌ల కఫ్‌లు చిత్తూరులో లీకైతే అవే ట్యూబ్‌లు నెల్లూరులో కూడా లీకవుతుంటాయి. ఎవరూ రాయకపోతే ఆ రెండూ ఎప్పటికీ కలవవు.

---

అమ్మకోసం (శ్రీకాళహస్తి)
మంగళవారం, రాత్రి 8:40

నేను వైద్య రంగం కాదు. మా అమ్మకు రెండు నెలల కిందట ఊపిరి ఆడక రాత్రిపూట ట్యూబ్ వేశారు, తొమ్మిది రోజులు ఉంది. అమ్మ ఇంటికి వచ్చింది, ఆ డాక్టర్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, పై పన్ను ఒకటి లేదు. రెండు వారాలుగా మెట్లెక్కితే గొంతులో ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఇది మామూలేనా, చూపించాలా అని అడుగుతున్నాను.

---

పలమనేరు_ఈఎన్‌టీ
మంగళవారం, రాత్రి 8:58

అమ్మా, రేపే చూపించండి, వాయిదా వేయొద్దు. ట్యూబ్ తీశాక కొద్ది రోజులు బొంగురు మామూలే. రెండు వారాలు దాటితే స్వరపేటిక చూపించుకోవాలి. ట్యూబ్ తీసిన కొన్ని వారాల తర్వాత మొదలయ్యే ఈల శబ్దం వేరే విషయం. కఫ్ ఒరిపిడి దగ్గర మచ్చ కట్టి శ్వాసనాళం ఇరుకవుతూ ఉండవచ్చు. ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ ఇచ్చి పంపేస్తుంటారు, తొమ్మిది రోజులు ట్యూబ్ ఉందని మీరే గట్టిగా చెప్పండి. కూర్చున్నప్పుడు కూడా శబ్దం వస్తే, మాట తెగుతుంటే రేపటిదాకా కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

పన్ను సంగతి: ఊడిన పన్ను దొరికిందా అని డిశ్చార్జి కాగితంలో రాసి ఉందేమో చూడండి. రాయకపోతే ఛాతీ ఎక్స్‌రే తీసినప్పుడు ఆ మాట కూడా చెప్పండి. ఊపిరితిత్తిలోకి జారి ఉండవచ్చు.

తోటి డాక్టర్లకు: కఫ్ పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. పైలట్ బెలూన్‌ను (కఫ్‌లోని గాలి తెలియడానికి బయట ఉండే చిన్న బుడగ) వేళ్ళతో నొక్కి చెప్పే అంచనా నమ్మదగింది కాదు, దానికి మీటర్ ఉంది. ప్రతి షిఫ్టులో ఒకసారి చూస్తే ఇలాంటి అమ్మలు నా దగ్గరకు తక్కువ వస్తారు.

---

పుత్తూరు_సిస్టర్
మంగళవారం, రాత్రి 9:10

@అమ్మకోసం, ఇంకొకటి అక్కా. ఇంట్లో ఎవరికైనా పెట్టుడు పళ్ళు ఉన్నా, ఒక పన్ను కదులుతున్నా, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ట్యూబ్ వేయడం కష్టమైందని ఎవరైనా చెప్పి ఉన్నా, క్యాజువాలిటీలో అడగకపోయినా మీరే ముందు చెప్పండి. ఆ కాగితం ఉంటే ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి.

---

మత్తుడాక్టర్_తిరుపతి
బుధవారం, సాయంత్రం 7:30

కాప్నోగ్రఫీ రాస్తానన్నాను.

ట్యూబ్ శ్వాసనాళంలో పడిందా, అన్నవాహికలో పడిందా అనేది ఛాతీకి స్టెత్ పెట్టి తేల్చుకునే రోజులు పోయాయి. కడుపులోకి పంపిన గాలి శబ్దం కూడా ఛాతీ దగ్గర వినపడుతుంది, ట్యూబ్‌లో ఆవిరి కూడా కనపడుతుంది. వేలికి పెట్టే సాచురేషన్ ప్రోబ్ నిమిషం ఆలస్యంగా చెప్తుంది. బయటికి వచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ అల ఆగకుండా వస్తుంటేనే ట్యూబ్ సరైన చోట ఉన్నట్టు. 2022లో వచ్చిన పూమా (శ్వాసమార్గ చికిత్స మీద అంతర్జాతీయ నిపుణుల బృందం) మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా చెప్పాయి: కనీసం ఏడు శ్వాసల పాటు అల కనపడాలి, దాని ఎత్తు అడుగు గీత నుంచి కనీసం 7.5 మి.మీ. పాదరసం ఉండాలి. గీత చదునుగా ఉంటే, వేరే విధంగా రుజువయ్యేదాకా ట్యూబ్ తప్పుచోట ఉన్నట్టే లెక్క. గుండె ఆగినవాళ్ళలో కూడా ఛాతీ నొక్కుతుంటే కొంతైనా అల వస్తుంది.

బ్రిటన్‌లో ఏడాది పాటు ఇలాంటి ప్రమాదాలన్నీ పోగేసి 2011లో నాప్4 (నాలుగో జాతీయ ఆడిట్) నివేదిక తెచ్చారు. 184 తీవ్ర ఘటనలు. ఐసీయూ మరణాల్లో 70 శాతానికి పైగా కాప్నోగ్రఫీ పెట్టకపోవడం, లేదా పెట్టినా సరిగ్గా వాడకపోవడం కారణాల్లో ఒకటిగా తేలింది.

ఇక్కడా పరికరం మోసం చేస్తుంది. శాంపిల్ గొట్టంలో నీళ్ళు చేరినా, మడత పడినా గీత చదునుగా వస్తుంది. అప్పుడు మంచి చోట ఉన్న ట్యూబ్‌ను లాగేసే ప్రమాదం ఉంది. అందుకే ముందస్తు ఆక్సిజన్ ఇచ్చేటప్పుడే అంబూ మాస్క్‌కు ఆ గొట్టం తగిలించండి. రోగి ఊపిరికి అల వస్తే మెషీన్ బాగుందని ముందే తెలిసిపోతుంది. ఇక ట్యూబ్ వేశాక చదును గీత వస్తే మెషీన్‌ను తప్పుపట్టాల్సిన పని ఉండదు. మెషీన్ కొనలేని చోట రంగు మారే చిన్న డిటెక్టర్ ఉంది. ఊదా రంగు నుంచి పసుపుకు మారాలి, ప్రతి శ్వాసకూ మారుతూ ఉండాలి.

మన జిల్లాలో ఎక్కువగా వచ్చే పురుగుల మందు కేసులకు ఒక మాట. ఆర్గానోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుల మందు) తాగినవాళ్ళకు సక్సినైల్‌కోలిన్ (కండరాలు సడలించే మందు) ఇస్తే దాని ప్రభావం నిమిషాల్లో పోదు, గంటలు ఉండిపోవచ్చు. ట్యూబ్ పడకపోతే రోగి తిరిగి ఊపిరి తీసుకుంటాడులే అనుకోవడం అక్కడ కుదరదు. అదే పనికి వాడే రోక్యురోనియం దగ్గర పెట్టుకోండి.

---

పీజీ_రెండో_ఏడు
బుధవారం, రాత్రి 8:15

మేడమ్, ట్యూబ్ పడక, మాస్క్‌తో గాలి వెళ్ళక, ఐ-జెల్ కూడా పనిచేయకపోతే? మా సీనియర్ ఒకరు ట్రాలీలో 14 నంబర్ కాన్యులా (సూదితో గుచ్చే లావు గొట్టం) పెట్టారు, మెడ ముందు నుంచి గుచ్చితే చాలన్నారు. ఇంకొకరు స్కాల్పెల్ (ఆపరేషన్ కత్తి) అంటున్నారు. నిజంగా టెన్షన్‌గా ఉంది.

---

పలమనేరు_ఈఎన్‌టీ
బుధవారం, రాత్రి 8:44

స్కాల్పెల్. నాప్4లోనే, గుచ్చిన కాన్యులాలు సుమారు 60 శాతం విఫలమయ్యాయి. మడత పడతాయి, జారిపోతాయి, కొస పక్క కండలోకి వెళ్తుంది. కాన్యులా నుంచి అధిక పీడనంతో ఆక్సిజన్ పంపాలంటే దానికి వేరే పరికరం, అలవాటు ఉండాలి, గాలి బయటికి రావడానికి దారి ఉండాలి. లేకపోతే ఊపిరితిత్తి పగులుతుంది. బ్రిటన్ డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015లో చెప్పిన సామాను మూడే: 10 నంబర్ బ్లేడ్ ఉన్న స్కాల్పెల్, బూజీ, 6 నంబర్ కఫ్ ట్యూబ్. ఒకే సంచిలో పెట్టి ట్రాలీ పక్కకు వేలాడదీయండి. వెతుక్కునే పని ఉండకూడదు.

చేతికి అలవాటు కావాలంటే మాంసం కొట్టు నుంచి మేక శ్వాసనాళం తెచ్చుకోండి, పైన తోలు బదులు మందపాటి గుడ్డ కప్పి కోయండి. నేను ఏటా హౌస్ సర్జన్లతో చేయిస్తాను.

ట్రేకియాస్టమీ (మెడ ముందు నుంచి శ్వాసనాళం తెరిచి ట్యూబ్ పెట్టే ఆపరేషన్) చేసేవాళ్ళకు: శ్వాసనాళాన్ని తెరిచేటప్పుడు డయాథర్మీ (కరెంటుతో కాల్చి కోసే పరికరం) వాడొద్దు, కత్తితోనే తెరవండి. లోపల నిండా ఆక్సిజన్, బయట నిప్పు. ట్యూబ్ అంటుకున్న ఘటనలు ఉన్నాయి. అంటుకుంటే వెంటనే ట్యూబ్ లాగేయాలి, ఆక్సిజన్ ఆపాలి, సెలైన్ పోయాలి. మొదటి వారంలో ట్రేకియాస్టమీ ట్యూబ్ ఊడితే చూడకుండా తోయొద్దు, చర్మం కింద తప్పుదారిలోకి వెళ్తుంది. నోటి నుంచి గాలి ఇవ్వండి, మమ్మల్ని పిలవండి. మంచం తల దగ్గర అదే సైజు ట్యూబ్ ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ ఉండాలి.

---

మత్తుడాక్టర్_తిరుపతి
బుధవారం, రాత్రి 9:20

పీజీ బాబూ, సామాను పక్కన ఉండి కూడా మనుషులు పోయారు. 2005లో ఇంగ్లండ్‌లో ఇలెయిన్ బ్రొమిలీ అనే ఆమె సైనస్ ఆపరేషన్‌కు మత్తు తీసుకుంది. గాలి వెళ్ళలేదు. అనుభవం ఉన్న ముగ్గురు డాక్టర్లు ట్యూబ్ వేయడానికే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. ఒక నర్సు ట్రేకియాస్టమీ సెట్ తెచ్చి, తెచ్చానని చెప్పింది కూడా. అది వాళ్ళ చెవికి ఎక్కలేదు. ఆమె మళ్ళీ కోలుకోలేదు. ఆమె భర్త మార్టిన్ విమాన పైలట్, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఈ విషయం మీద పనిచేశారు.

మన దగ్గర పెద్ద డాక్టర్‌కు సిస్టర్ ఎదురు చెప్పడం ఇంకా కష్టం. అందుకే నేను మొదలుపెట్టే ముందే గట్టిగా చెప్తాను: "సాచురేషన్ 90కి దిగితే నా పేరు పెట్టి ఆపమనండి. రెండుసార్లు ట్యూబ్ పడకపోతే ఐ-జెల్ చేతిలో పెట్టండి." ముందే అడిగి ఉంచితే సిస్టర్‌కు అది ఎదురు చెప్పడం కాదు, నేను అప్పగించిన పని.

---

పుత్తూరు_సిస్టర్
బుధవారం, రాత్రి 9:41

మేడమ్, పదహారేళ్ళ సర్వీసులో నాకు అలా చెప్పిన డాక్టర్లు ఇద్దరే. ఆ ఇద్దరి దగ్గర నేను నోరు తెరిచాను. మిగతా చోట్ల చాలాసార్లు గడియారం చూస్తూ నిలబడ్డాను.

---

ఘాట్‌రోడ్_ఈఎంటీ
బుధవారం, రాత్రి 10:10

2021 మే 10 రాత్రి తిరుపతిలో ట్యాంకర్ ఆలస్యమై ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయినప్పుడు, ప్రభుత్వ లెక్కలోనే పదకొండు మంది పోయారు. ఆ తర్వాత మా బండిలో రెండో సిలిండర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా బయల్దేరలేదు. ఆలస్యం అవుతుందని తిట్టినా పర్వాలేదు.

---

రాత్రిడ్యూటీ (చిత్తూరు)
ఆదివారం, ఉదయం 7:25

ఇప్పుడే డ్యూటీ దిగాను.

పాడైన హ్యాండిల్‌ను మా బయోమెడికల్ అతను విప్పి చూశాడు. కొక్కెం లోపల ఉండే స్ప్రింగు కాంటాక్ట్ అరిగి కిందకు దిగిపోయింది. ఖాళీగా తెరిస్తే తగులుతుంది, బరువు పడితే బ్లేడ్ వెంట్రుకంత లేచి తెగిపోతుంది. రెండు హ్యాండిళ్ళూ సంచిలో వేసి ఫారం నింపాం. ఆస్పత్రిలో ఒకరిద్దరు ఇది మన మీదకే వస్తుందేమో అన్నారు. రోగి బతికాడు కదా, ఎందుకు అన్నారు. సంతకం నేను పెట్టాను.

రాత్రి ఒంటిగంటకు పురుగుల మందు కేసు వచ్చింది, పంతొమ్మిదేళ్ళ అమ్మాయి. ఒక సిస్టర్ సక్షన్ గొట్టం మూసి గేజ్ చూసింది, ఇంకొకరు అంబూకు గ్లవ్ తొడిగారు. నేను బ్లేడ్‌ను అరచేతి మీద ఆనించి లాగాను. కాప్నో గొట్టాన్ని మాస్క్‌కు ముందే తగిలించాం. సాచురేషన్ 90కి దిగితే నన్ను ఆపమని సిస్టర్‌తో చెప్పాను, ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి సరే సార్ అంది. మొదటిసారే ట్యూబ్ పడింది. పెదవి దగ్గర 21, ప్లాస్టర్ మీద రాశాం. అట్రోపిన్ (విరుగుడు మందు) నడుస్తోంది, అమ్మాయి ఇంకా ప్రమాదం దాటలేదు.

@బయోమెడికల్_రేణిగుంట, ఒక ప్రశ్న. కొత్త హ్యాండిళ్ళలో మళ్ళీ మళ్ళీ కొనే పని లేకుండా రీచార్జబుల్ సెల్స్ వేద్దామని స్టోర్ వాళ్ళు అంటున్నారు. వేయవచ్చా?

---

అమ్మకోసం (శ్రీకాళహస్తి)
ఆదివారం, ఉదయం 9:50

బుధవారమే చూపించాం. శ్వాసనాళం ఇరుకైందన్నారు, తిరుపతిలో చేర్చుకున్నారు. రేపు వెడల్పు చేస్తారట. పన్ను ఎక్స్‌రేలో లేదు. డాక్టర్ గారూ, మీరు ఆ రోజు వెంటనే జవాబు ఇవ్వకపోతే మేం పండగయ్యాక వెళ్దామనుకున్నాం. సిస్టర్ చెప్పినట్టు మత్తు డాక్టర్‌కు తొమ్మిది రోజుల సంగతి, కదిలే ఇంకో పన్ను సంగతి అన్నీ చెప్పాను.

---

బయోమెడికల్_రేణిగుంట
ఆదివారం, ఉదయం 11:05

రాత్రిడ్యూటీ సార్, బల్బు రకం హ్యాండిల్‌లో మామూలు రీచార్జబుల్ వద్దు. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జబుల్ 1.2. రెండు వేస్తే మూడు వోల్టులు రావాల్సిన చోట 2.4 వస్తుంది, వెలుగు మొదటి నుంచే తగ్గుతుంది. పైగా వాడకపోయినా వాటంతట అవే దిగిపోతుంటాయి, ట్రాలీలో వారాల తరబడి ఊరికే ఉండే పరికరానికి అది పనికిరాదు. తయారీదారు ప్రత్యేకంగా ఇచ్చిన చార్జింగ్ హ్యాండిల్ అయితే వేరు. ఆల్కలైన్ వేసి, వేసిన తేదీ టేపు మీద రాసి హ్యాండిల్‌కు అతికించండి. కొత్తది ఒకటి, పాతది ఒకటి కలిపి వేయొద్దు. ఆ అమ్మాయి ఎలా ఉందో సాయంత్రం రాయండి సార్.